నొప్పితో ఉన్నవాళ్ళం ఒకరికొకరం ఎలా పనికొస్తాం

మూడు నెలలు దాటినా పోకుండా ఉండే నొప్పిని, లేదా పోయి పోయి మళ్ళీ వచ్చే నొప్పిని డాక్టర్లు దీర్ఘకాలిక నొప్పి అంటారు. నాది ఫైబ్రోమయాల్జియా. మెడ నుంచి పిక్కల దాకా ఎక్కడో ఒకచోట సలుపుతూనే ఉంటుంది. ఎక్స్‌రేలో కనపడదు, రక్తపరీక్షలో కనపడదు. ఉద్యోగం అకౌంట్స్‌లో, అందుకని ఈ రాతలో కూడికలు తీసివేతలు వస్తే ఏమనుకోకండి.

నొప్పితో ఉన్న నలుగురు మనుషులు రోజువారీ బతుకులో ఒకరికొకరు ఎలా ఉపయోగపడచ్చో చెప్పాలని ఇది రాస్తున్నా. మా గుంపు చిన్నది. రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్న ఒక అక్క, వెన్ను బిగిసిపోయే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ ఉన్న ఒక తమ్ముడు, ముఖంలో ట్రైజెమినల్ న్యూరాల్జియా ఉన్న ఒక మేష్టారు, నేను. చుట్టాలం కాము. డాక్టర్ల గదుల బయట కుర్చీల్లో పరిచయమైనవాళ్ళం.

నొప్పి ఉన్నవాళ్ళు కలిస్తే మామూలుగా రెండు జరుగుతాయి. ఒకటి, "నాకు ఇది వాడితే తగ్గింది, నువ్వూ వాడు." రెండోది, "నీదేముంది, నాది చూడు." రెండూ కాసేపు బానే ఉంటాయి. ఇంటికెళ్ళాక చేతిలో ఏమీ మిగలదు. నా లెక్కలో సాటి బాధితులు చేయగల అసలు సాయం వేరే ఉంది. మనం ఇంకా పని చేయగలుగుతున్నప్పుడే మనల్ని ఆపడం. ఇంట్లోవాళ్ళు ఆపితే "నన్ను చేతకానిదాన్ని చేస్తున్నారు" అని మనకి రోషం వస్తుంది. అదే మాట సాటి నొప్పిమనిషి అంటే రోషం రాదు. ఎందుకంటే వాళ్ళకీ చేతిలో చీపురు వదలబుద్ధి కాదని మనకి తెలుసు.

ముందు గడియారం సంగతి

నొప్పి కాస్త తగ్గిన రోజున మనం చేసేది జీతం పడ్డ రోజు ఖర్చు లాంటిది. వారం నుంచి పేరుకున్న బట్టలన్నీ ఉతికి, ఆరేసి, మడతపెట్టి, పనిలో పనిగా అలమర కూడా సర్ది, రాత్రికి మంచమెక్కితే మళ్ళీ లేచేది రెండు రోజుల తర్వాత. ఆ రెండు రోజుల్లో పని మళ్ళీ పేరుకుంటుంది, తర్వాత వచ్చిన మంచిరోజున మళ్ళీ అదే కథ.

1970లలో అమెరికాలోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో విల్బర్ట్ ఫోర్డైస్ అనే సైకాలజిస్టు ఈ వ్యవహారాన్ని తిరగేశాడు. నొప్పి పెరిగాక ఆగడం కాదు, ముందే అనుకున్న కొలత పూర్తవగానే ఆగాలన్నాడు. విశ్రాంతి అనేది నొప్పికి దొరికే బహుమతి కాకూడదు, పని పూర్తయినందుకు దొరకాలి. వినడానికి చిన్న తేడాలా ఉంటుంది. చేసి చూస్తే తెలుస్తుంది ఎంత కష్టమో. బాగున్నప్పుడు ఆగడం కన్నా బాగా లేనప్పుడు పని చేయడమే తేలిక.

బాగున్నప్పుడు ఎందుకు ఆగాలి అనేవాళ్ళకి ఒక కారణం చెప్తాను. గాయం నుంచి వచ్చే సంకేతాల వల్ల వెన్నుపాములోని నరకణాలే సున్నితమైపోయి, ఆ తర్వాత చిన్న తాకిడికి కూడా పెద్దగా స్పందిస్తాయని 1983లో క్లిఫర్డ్ వూల్ఫ్ అనే పరిశోధకుడు చూపించాడు. నాలాంటి వాళ్ళలో నాడీవ్యవస్థ ఇలా రెచ్చిపోయి ఉంటుందనేది ఇప్పుడు డాక్టర్లు ఎక్కువగా ఒప్పుకునే వివరణ. అంటే ఒంట్లో కొత్తగా ఏమీ దెబ్బతినకపోయినా నొప్పి నిజంగానే పెరుగుతుంది. అలాంటి వ్యవస్థని రోజూ రెచ్చగొట్టి, తర్వాత బతిమాలడం కన్నా రెచ్చగొట్టకుండా ఉండడమే మేలు.

కొలత ఎలా తీయాలో చెప్తాను. ఒక్క పని తీసుకోండి. బట్టలు మడతపెట్టడం అనుకుందాం. ఒక మంచిరోజు, ఒక చెడ్డరోజు, ఒక మామూలు రోజు ఎంతసేపటికి నొప్పి పెరగడం మొదలైందో రాసుకోండి. 20 నిమిషాలు, 8 నిమిషాలు, 14 నిమిషాలు వచ్చాయనుకోండి. సగటు 14. అందులోంచి అయిదో వంతు తీసేయండి, 11 మిగులుతుంది. ఆ 11 నిమిషాలే మీ కొలత. మంచిరోజైనా 11, చెడ్డరోజైనా 11. చెడ్డరోజున 11 కూడా కాకపోతే మానేయండి, అది వేరే సంగతి. కానీ మంచిరోజున 12 కాకూడదు. రెండు వారాలు స్థిరంగా సాగితే ఒకటో రెండో నిమిషాలు కలుపుకోవచ్చు.

కొలత నిలబడి చేసే పనికి వేరు, కూర్చుని చేసే పనికి వేరు. మాట్లాడే పనికి కూడా కొలత ఉంటుంది, ఇది చాలామందికి తట్టదు. ఇంటికి మనుషులొచ్చి గంటసేపు కూర్చుంటే నాకు అది మెట్లెక్కినంత పని.

ఒక్క హెచ్చరిక. ఎంఈ అనీ, క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అనీ పిలిచే జబ్బు ఉన్నవాళ్ళకి ఈ "కొంచెం కొంచెం పెంచుకుంటూ పోవడం" వర్తించదు. వాళ్ళకి శ్రమ మించితే మర్నాడో ఆ మర్నాడో ఒళ్ళు కుప్పకూలుతుంది, కోలుకోవడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2021లో వాళ్ళకి అలాంటి పెంచే వ్యాయామం ఇవ్వొద్దని స్పష్టంగా రాసింది. మీ గుంపులో అలాంటివాళ్ళుంటే "రోజూ కాస్త నడవండి, అదే అలవాటవుతుంది" అని నోరు జారకండి.

జోడీ కుదుర్చుకోవడం

గడియారం పెట్టుకోవడం ఎవరైనా చేస్తారు. అది మోగాక ఆగడానికే ఇంకో మనిషి కావాలి. మాలో ఇద్దరిద్దరం జోడీలం. నాకు అక్క. పని మొదలుపెట్టే ముందు ఆవిడకి ఒక ముక్క పంపుతాను: "బట్టలు, 11." అంతే. టైమర్ మోగాక "ఆపేశా" అని ఇంకో ముక్క. అది రాకపోతే ఆవిడ ఫోన్ చేస్తుంది.

"ఏమ్మా, మోగలేదా?"

"మోగిందక్కా. ఇంకో రెండే ఉన్నాయి, దుప్పట్లు."

"ఆ రెండూ రేపటివి. లే."

"సగం మడతపెట్టి ఉందక్కా చేతిలో."

"సగం మడత పాడైపోదు. కింద పెట్టి లే."

ఇంతకన్నా గొప్ప వైద్యం ఇంకోటి నేను చూడలేదు. ఆవిడ నన్ను జాలిగా అడగదు, నీ ఆరోగ్యం ముఖ్యం అని ఉపన్యాసం ఇవ్వదు. పని పేరెత్తి, అది రేపటిది అంటుంది. మీరు కూడా ఇలాగే అనండి. "విశ్రాంతి తీసుకో" అంటే ఎవరూ వినరు. "దుప్పట్లు రేపటివి" అంటే వింటారు.

జోడీకి మనిషిని ఎంచుకునేటప్పుడు ఒకే జబ్బు ఉన్నవాళ్ళు కావాలని వెతక్కండి. నిజానికి వేరే జబ్బయితేనే నయం, పోల్చుకోవడానికి వీలుండదు. చూడాల్సింది రెండు విషయాలు. మీరు మేలుకుని ఉండే వేళల్లో వాళ్ళూ మేలుకుని ఉండాలి. రెండోది, "ఇవాళ కుదరదు" అని మొహమాటం లేకుండా చెప్పగలిగే మనిషి అయ్యుండాలి. కాదనలేని మనిషితో జోడీ కడితే మనం ఆ మనిషికి ఇంకో బరువవుతాం.

కుదరని రోజు ఉంటుందని మొదటిరోజే చెప్పుకోండి. మా ఒప్పందం ఇది: జవాబు రాకపోతే అలక లేదు, క్షమాపణ లేదు, మర్నాడు మామూలే. క్షమాపణలు మానేయమని గట్టిగా చెప్తున్నా. నొప్పి ఉన్నవాళ్ళం రోజుకి ఎన్నిసార్లు సారీ చెప్తామో ఒకసారి గమనించండి. సాటి నొప్పిమనిషి దగ్గరైనా ఆ పని తప్పాలి.

పలకరించే పద్ధతి మనిషిని బట్టి

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ ఇందులోనే స్నేహాలు చెడతాయి.

మేష్టారికి ఫోన్ చేయకూడదు. ట్రైజెమినల్ న్యూరాల్జియాలో మాట్లాడటం, నమలటం, పళ్ళు తోముకోవడం, ఆఖరికి ముఖానికి గాలి తగలడం కూడా కరెంటు షాక్ లాంటి పోటుని రప్పించొచ్చు. ఆయనకి మెసేజ్ రాయాలి, ఆయన వేళ్ళు బాగానే ఉన్నాయి కాబట్టి తిరిగి రాస్తారు. అక్కకి దీనికి సరిగ్గా వ్యతిరేకం. పొద్దున్న లేచేసరికి ఆవిడ వేళ్ళ కణుపులు బిగిసిపోయి ఉంటాయి, ఆ బిగువు సడలడానికి గంట పైనే పడుతుంది. ఆ సమయంలో టైపు చేయమంటే శిక్ష. ఆవిడకి వాయిస్ మెసేజ్ పెట్టాలి, ఆవిడా వాయిస్‌లోనే చెప్తుంది. మైగ్రేన్ ఉన్నవాళ్ళకి స్క్రీన్ వెలుతురూ పడదు, శబ్దమూ పడదు. నొప్పి నడుస్తున్నంతసేపు వాళ్ళని వదిలేయడమే మర్యాద, తగ్గాక వాళ్ళే వస్తారు.

ఇక నాలాంటి ఫైబ్రో వాళ్ళకి మెదడు మసకబారే గంటలుంటాయి. చెప్పింది మర్చిపోతాం, మాట మధ్యలో పోతుంది. మాకు ముఖ్యమైన విషయం నోటితో చెప్పకండి, రాసి పంపండి. రెండోసారి అడిగితే "చెప్పానుగా" అనకండి. ఆ "గా" చాలా గట్టిగా తగులుతుంది.

తమ్ముడు రాత్రి రెండు, మూడు గంటలకి నడుం పట్టేసి లేస్తాడు. ఆ జబ్బులో రాత్రి రెండో సగంలో నిద్ర చెడటం మామూలే, లేచి అటూ ఇటూ నడిస్తే సర్దుకుంటుంది. ఆ వేళలో అతను పెట్టే మెసేజ్‌కి జవాబు అక్కర్లేదని అందరం ముందే అనుకున్నాం. మా ఫోన్లు సైలెంట్‌లో ఉంటాయి. అతనికి రాసుకోవడానికి ఒక చోటు కావాలి, అంతే.

ఇంక "ఎలా ఉన్నావు?" అన్న ప్రశ్న. దీనికి బాగున్నానంటే అబద్ధం, లేదంటే కథంతా చెప్పాలి. సున్నా నుంచి పదిలో ఎంత అని ఆసుపత్రిలో అడిగినట్టు అడగడం కూడా రోజూ పనికిరాదు, నా ఆరు మీ ఆరు ఒకటి కాదు. మేము మూడే మాటలు పెట్టుకున్నాం: "తిరుగుతున్నా", "కూర్చున్నా", "పడుకున్నా". నొప్పి ఎంతో కాదు, ఇవాళ ఏం చేయగలనో చెప్పే మాటలివి. "పడుకున్నా" అని వస్తే ఆ రోజు ఎవరూ ఏమీ అడగరు. ముందే ఒప్పుకున్న పని ఏదైనా ఉంటే ఒకరు అందుకుంటారు. మేష్టారి బిల్లు గడువు నేను చూస్తాను, నా మందుల షాపు ఆర్డర్ తమ్ముడు పెడతాడు. "ఏమైనా కావాలంటే చెప్పు" అనే మాట మాలో నిషేధం. ఏం కావాలో ఆలోచించి, అడగడానికి ధైర్యం తెచ్చుకుని, అడిగే ఓపిక ఆ రోజు ఉండదు కదా.

మాత్రల గురించి

అందరూ ఇక్కడికే వస్తారు కాబట్టి చెప్పక తప్పదు. మాత్రల అనుభవం పంచుకోవచ్చు, మాత్రలు పంచుకోకూడదు.

ఎందుకంటే మా నలుగురి నొప్పి పేరుకే ఒకటి. అక్కది రోగనిరోధక వ్యవస్థ కీళ్ళ మీద పడే జబ్బు. తొందరగా అసలు మందు మొదలుపెట్టకపోతే కీలు శాశ్వతంగా దెబ్బతింటుంది, నొప్పి మాత్రతో సరిపెట్టుకుంటే నష్టమే. తమ్ముడి నడుం పడుకుంటే పెరుగుతుంది, కదిలితే తగ్గుతుంది. మేష్టారికి మామూలు నొప్పి మాత్రలు దాదాపు పనిచేయవు, ఆయనకి మొదట ఇచ్చేది కార్బమజెపిన్, మూర్ఛకి కూడా వాడే మందు. నాది ఇంకో దారి. 2021లోనే నైస్ సంస్థ, వేరే జబ్బేదీ కారణంగా కనపడని దీర్ఘకాలిక నొప్పికి పారాసిటమాల్ గానీ, ఐబుప్రొఫెన్ జాతి మందులు గానీ, ఓపియాయిడ్లు (మార్ఫిన్ జాతి మందులు) గానీ మొదలుపెట్టొద్దని రాసింది. వ్యాయామం, మానసిక చికిత్సలు, కొన్ని డిప్రెషన్ మందులు పరిశీలించవచ్చంది. కాబట్టి డాక్టరు అమిట్రిప్టిలిన్ చిన్న మోతాదులో రాస్తే "నాకు పిచ్చి అనుకుంటున్నాడా" అని చీటీ చించేయకండి. నొప్పి సంకేతాలని తగ్గించే పని కూడా ఆ మందుకుంది.

జోడీగా ఉన్నవాళ్ళు ఒకరికొకరు గుర్తుచేయాల్సినవి కొన్ని ఉన్నాయి. నరాల నొప్పికి ఇచ్చే ప్రీగాబాలిన్, గాబాపెంటిన్, డ్యులోక్సెటిన్ లాంటివి ఉన్నట్టుండి మానేయకూడదు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి. కాబట్టి అయిపోయే ముందే కొనిపించండి. జలుబు మాత్రలోనూ పారాసిటమాల్ ఉంటుంది, నొప్పి మాత్రలోనూ ఉంటుంది. పెద్దవాళ్ళకి మామూలుగా రోజుకి 4 గ్రాములు గరిష్ఠం. బరువు తక్కువున్నవాళ్ళకి, కాలేయం బాగాలేనివాళ్ళకి ఇంకా తక్కువ. రెండు అట్టలు పక్కపక్కన పెట్టి కూడి చూడండి. తలనొప్పి ఉన్నవాళ్ళయితే ఇంకో లెక్క రాసుకోవాలి. మామూలు నొప్పి మాత్రలు నెలలో 15 రోజులు లేదా అంతకు మించి, ట్రిప్టాన్లూ (మైగ్రేన్ మాత్రలు) ఓపియాయిడ్లూ కలగలుపు మాత్రలూ 10 రోజులు లేదా అంతకు మించి, మూడు నెలలు దాటి వాడుతుంటే ఆ మాత్రల వల్లే తలనొప్పి రావచ్చు. క్యాలెండర్ మీద మాత్ర వేసుకున్న రోజున చుక్క పెట్టండి. నెలాఖరున చుక్కలు ఎంచండి. మనం గుర్తున్నాయనుకునే చుక్కలకీ కాగితం మీది చుక్కలకీ ఎప్పుడూ పొంతన ఉండదు.

డాక్టరు దగ్గరికి తోడు వెళ్ళడం

డాక్టరు గదిలో దొరికేది కొద్ది నిమిషాలు. అందులో సగం మనం "ఎప్పుడు మొదలైందంటే" అని గుర్తుచేసుకోవడంతోనే పోతాయి. తోడు వెళ్ళే మనిషి పని మాట్లాడటం కాదు, రాసుకోవడం. ముందురోజు ఇద్దరూ కూర్చుని ఒకే ఒక్క కాగితం తయారుచేయండి. పైన ఇప్పుడు వాడుతున్న మందులు, మోతాదులు. తర్వాత ఇంతకుముందు వాడి మానేసినవి, ఎందుకు మానేశారో. కింద రెండే ప్రశ్నలు. మూడో ప్రశ్న రాసినా దానికి టైం ఉండదు.

నొప్పి ఎలా ఉందో చెప్పడానికి "భరించలేకపోతున్నా" అనే మాట వాడకండి. అది నిజమే, కానీ డాక్టరుకి దాంతో ఏమీ తెలియదు. మంటగా ఉందా, తిమ్మిరితో ఉందా, జివ్వుమని కరెంటు కొట్టినట్టుందా, సూదులు గుచ్చినట్టుందా? అలా ఉంటే నరానికి సంబంధించినది కావచ్చు. పోటుగా ఉందా, సలుపుగా ఉందా, పట్టేసినట్టుందా? 1975లో రొనాల్డ్ మెల్జాక్ అనే సైకాలజిస్టు నొప్పిని కొలవడానికి తయారుచేసిన మెక్‌గిల్ ప్రశ్నావళి ఎక్కువగా ఇలాంటి వర్ణనల మీదే నడుస్తుంది. దీనికి తోడు చేయలేకపోతున్న పని ఒకటి చెప్పండి. "తల దువ్వుకోవడానికి చెయ్యి ఎత్తలేకపోతున్నా" అని అక్క చెప్పిన రోజునే ఆవిడ మందు మారింది. అంతకుముందు చాలాసార్లు "బాగా నొప్పండీ" అనే చెప్పింది.

రిపోర్టులన్నీ నార్మల్ అని మొహం తిప్పుకునే డాక్టర్లూ ఉంటారు. అలాంటి గదిలోంచి బయటికొచ్చిన మనిషితో ఇంకో డాక్టరు పేరు వెంటనే చెప్పకండి. ముందు కాసేపు తిట్టనివ్వండి.

ఇంట్లోవాళ్ళకి చెప్పడంలో

ఇంట్లోవాళ్ళ బాధ రెండు రకాలు. నమ్మనివాళ్ళు ఒకరు, ఎక్కువ నమ్మేవాళ్ళు ఇంకొకరు.

నమ్మనివాళ్ళకి చెప్పడానికి రెండు విషయాలు దగ్గర పెట్టుకోండి. నొప్పి మీద పరిశోధన చేసేవాళ్ళ అంతర్జాతీయ సంఘం 2020లో నొప్పి నిర్వచనాన్ని సవరించింది. దానికింద రాసిన వివరణల్లో, ఒక మనిషి నాకు నొప్పిగా ఉందని చెప్తే ఆ మాటని గౌరవించాలన్నది ఒకటి. అలాగే ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా 11వ కూర్పు 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. అందులో దీర్ఘకాలిక నొప్పికి ఎంజీ30 అనే సొంత కోడ్ ఉంది. ఆఫీసులో సెలవు చీటీ దగ్గర ఈ కోడ్ పనికిరావచ్చు, డాక్టరుని రాయమని అడిగి చూడండి. అయితే ఇవి మనమే చెప్తే వాదనలా ఉంటుంది. జోడీలో రెండోవాళ్ళు మాటల్లో చెప్తే సమాచారంలా ఉంటుంది. తమ్ముడి నాన్నగారితో మేష్టారు మాట్లాడారు, మా ఆయనతో అక్క మాట్లాడింది.

ఎక్కువ నమ్మేవాళ్ళతో ఇంకో చిక్కు. మూలిగితే చాలు చేతిలో పని లాక్కుంటారు. ప్రేమే, కానీ అలా నెలలు గడిస్తే మనం నిజంగానే ఏమీ చేయలేనివాళ్ళమైపోతాం. వాళ్ళకి నా 11 నిమిషాల కాగితం చూపించి, "ఇది మాత్రం నేనే చేస్తాను, టైమర్ మోగాక మిగతాది మీరు తీసుకోండి" అని చెప్పడం మా ఇంట్లో పనిచేసింది. ఎప్పుడు సాయం చేయాలో వాళ్ళకీ తెలిసింది, కాబట్టి వాళ్ళ టెన్షన్ కూడా తగ్గింది.

నొప్పి ఎగదన్నిన రోజులకి కాగితం

ఎంత జాగ్రత్తగా ఉన్నా నొప్పి ఒక్కసారిగా ఎగదన్నే రోజులు వస్తాయి. ఆ రోజు ఆలోచించే శక్తి ఉండదు, అందుకే బాగున్న రోజునే కాగితం రాసిపెట్టుకోవాలి. ఒక కాపీ మంచం దగ్గర, ఒక కాపీ జోడీ దగ్గర. నా కాగితంలో ఉన్నవి: ఏ మాత్ర, ఎన్ని గంటలకి, రోజుకి గరిష్ఠం ఎన్ని. వేడి కాపడం బ్యాగ్ ఎక్కడుంది. ఆఫీసుకి పంపాల్సిన మెసేజ్, మాటలతో సహా ముందే రాసినది. ప్రతి రెండు గంటలకి లేచి గదిలో ఒక చుట్టు నడవడం, ఎందుకంటే రోజంతా కదలకుండా పడుకుంటే మర్నాడు కండరాలు ఇంకా బిగుస్తాయి. ఎవరిని రానివ్వాలి, ఎవరిని రానివ్వొద్దు. ఈ చివరిది రాసుకోవడానికి సిగ్గుపడకండి.

ఆ రోజున జోడీ చేయాల్సిన ముఖ్యమైన పని, ఇది పాత నొప్పేనా అని అడగడం. అలవాటుపడిన మనం కొత్త నొప్పిని కూడా పాతదాంట్లో కలిపేస్తాం. మూత్రం, మలం మీద పట్టు పోయినా, మూత్రం రాకుండా ఆగిపోయినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, కాళ్ళలో కొత్తగా బలం తగ్గినా అది వెన్నుపూసలోని నరాలు నొక్కుకుపోతున్న గుర్తు కావచ్చు. ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఛాతీ నొప్పి, జీవితంలో ఎన్నడూ రానంత తలనొప్పి క్షణాల్లో రావడం, నొప్పితో పాటు చలిజ్వరం, ఒక్క కీలు మాత్రం ఎర్రగా వేడిగా ఉబ్బడం, ఇవన్నీ కూడా ఆగకుండా చూపించుకోవాల్సినవే. కారణం లేకుండా బరువు తగ్గడం అంత అత్యవసరం కాదు, కానీ దాచకూడదు.

ఇంకో ప్రశ్న ఉంది, అడగడానికి నోరు రాదు. ఏళ్ళ తరబడి నొప్పితో ఉన్నవాళ్ళలో చచ్చిపోతే బాగుండన్న ఆలోచన మిగతావాళ్ళకన్నా ఎక్కువగా వస్తుంది. "ఇంక నావల్ల కాదు" అన్న మాట మామూలుగా కాక వేరే గొంతుతో వినపడితే, "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు, అది భయం మాత్రమే. అవునంటే ఒంటరిగా వదలకండి, ఇంట్లో ఒకరికి చెప్పండి, మందుల డబ్బా వేరేవాళ్ళ చేతికి ఇప్పించండి, మీ దగ్గర ఉన్న అత్యవసర నంబరుకి గానీ హెల్ప్‌లైన్‌కి గానీ ఫోన్ చేయండి. "ఎవరికీ చెప్పకు" అని ఒట్టు పెట్టించుకున్నా సరే చెప్పేయాలి. ఆ ఒట్టు ఒక్కటి మాత్రం తప్పాలి.

నలుగురు పదిమందైతే

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో కేట్ లోరిగ్ అనే పరిశోధకురాలు 1970ల చివర్లో ఆర్థరైటిస్ ఉన్నవాళ్ళకి తరగతులు మొదలుపెట్టింది. వాటిని నడిపింది డాక్టర్లు కాదు, శిక్షణ తీసుకున్న మామూలు మనుషులు, చాలామంది ఆ జబ్బు ఉన్నవాళ్ళే. ఎందుకు మేలు జరిగిందని తర్వాత వెతికితే, నేర్పిన వ్యాయామాలు ఎంత చేశారన్నదానితో లెక్క సరిగ్గా కుదరలేదు. "ఇది నా చేతిలో ఉంది, నేను చేయగలను" అన్న నమ్మకం పెరగడంతో ఎక్కువ కుదిరింది. ఆ తరగతుల్లో ఒక పద్ధతి నాకు భలే నచ్చింది. ప్రతివాళ్ళూ ఈ వారం చేసే ఒక చిన్న పని, ఎంత, ఎప్పుడు, ఎన్నిసార్లు అన్నది చెప్పి, చేయగలనన్న నమ్మకం పదికి ఎంతో అంకె వేయాలి. ఏడు కన్నా తక్కువైతే పనిని చిన్నది చేసుకోవాలి. మేమూ ఆదివారం ఇదే చేస్తాం. తమ్ముడు మొదట్లో రోజూ గంట వ్యాయామం అనేవాడు. నమ్మకం ఎంత అంటే నాలుగు. ఇప్పుడు పదిహేను నిమిషాలు, తొమ్మిది.

గుంపు పెరిగితే జబ్బుల కథలకి హద్దు పెట్టాలి. తలా అయిదు నిమిషాలు బాధ చెప్పుకోవచ్చు, ఆ తర్వాత వేరే విషయం. సలహా ఇచ్చే ముందు "సలహా కావాలా, వినమంటావా?" అని అడగాలి. ఏదైనా నూనెనో పొడినో అమ్మడానికి వచ్చినవాళ్ళని మొదటిసారే బయటికి పంపేయాలి, ఇందులో నాకు జాలి లేదు. ప్రతి గుంపులో అందరికీ ఫోన్ చేసి అందరి బరువూ మోసే ఒక మనిషి తయారవుతారు. వాళ్ళకి నెలలో ఒక వారం నిర్బంధ సెలవు. ఆ వారం వాళ్ళ ఫోన్ వస్తే ఎవరూ ఎత్తకూడదు. మాలో ఆ మనిషి అక్క. మొదటిసారి సెలవిస్తే మూడోరోజున మేష్టారికి ఫోన్ చేసింది, ఆయన మాట్లాడలేరు కాబట్టి కట్ చేయరనుకుని. ఆయన కట్ చేశారు.

చివరగా ఒకటి. ఎప్పుడో ఒకరికి బాగా తగ్గుతుంది. తమ్ముడికి కొత్త ఇంజెక్షన్ పడింది, ఇప్పుడు పరిగెడుతున్నాడు కూడా. ఆ వార్త మాకు చెప్పడానికి అతను వారం తటపటాయించాడట, విన్నాక మా ముగ్గురికీ సంతోషంతో పాటు ఇంకోటి కూడా కలిగింది. దాన్ని దాచుకోకండి. "కుళ్ళుగా ఉందిరా తమ్ముడూ" అని అక్క మొహం మీదే అంది, అతను నవ్వాడు, అక్కడితో అయిపోయింది. తగ్గినవాళ్ళు తమ మందు గురించి ఒక్కసారే చెప్పాలి, మళ్ళీ మళ్ళీ చెప్పకూడదు. గుంపులో ఉండాలా వెళ్ళాలా అన్నది వాళ్ళ ఇష్టానికి వదిలేయాలి. తమ్ముడు ఉన్నాడు. బరువు మోసే పనులన్నీ ఇప్పుడు అతనివే.